కౌలాలంపూర్‌లో పది గంటలు: ఒక గుట్ట, ఒక పూట బువ్వ

శంషాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కో బాలికో టికెట్ వెతికితే, నడుమ కౌలాలంపూర్‌లో పొద్దంతా ఆగేవి తరచు చవగ్గా కనిపిస్తాయి. ఒంటరిగా పోయేవాళ్లకు ఆ ఊరు భయపడాల్సినదేమీ కాదు. కాకపోతే గంటలు ముందే లెక్కేసుకోవాలి.

దిగి ఇమ్మిగ్రేషన్ దాటేసరికి గంట, రద్దీ ఉంటే గంటన్నర. రైలెక్కి ఊళ్లోకి చేరడానికి గంట, వెనక్కి ఇంకో గంట. తర్వాతి విమానానికి మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే పదిలో ఆరున్నర ఇట్లనే కరిగిపోతాయి. ఎనిమిది గంటల లోపే ఆగేదుంటే బయటికి పోకుండా కునుకు తీయడం మేలు. అసలు మనవాళ్లకు రాత్రి నిద్రే ఉండదు. పాలమూరు వాళ్లు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా, నల్లగొండ వాళ్లు నార్కట్‌పల్లి నుంచి ఔటర్ పట్టుకుని, ఇల్లు విడిచేదే సాయంత్రం.

మలేషియాకు భారత పాస్‌పోర్టు ఉంటే 2026 డిసెంబరు 31 వరకు వీసా అక్కర్లేదు, 30 రోజుల దాకా ఉండొచ్చు. కానీ ఎండాక్ అనే డిజిటల్ కార్డు నింపాలి, అదీ దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపే. అది ఉచితం. డబ్బులడిగే సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుండాలి, ముందుకు పోయే టికెట్ చేతిలో ఉండాలి.

శంషాబాద్ కౌంటర్‌లో పెట్టెకు కట్టిన ట్యాగు చదవండి. చివరి ఊరి కోడ్ ఉంటే పెట్టె నేరుగా అక్కడికే పోతుంది. కౌలాలంపూర్ కోడ్ కె.యు.ఎల్. అనే ఉంటే మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. రెండు వేర్వేరు టికెట్లు కొన్నవాళ్లకు ఎక్కువగా ఇదే జరుగుతుంది. అప్పుడు ఇంకో గంట తీసేయండి.

ఎయిర్‌పోర్టు ఊరికి 57 కిలోమీటర్ల దూరం. ఎక్స్‌ప్రెస్ రైలు టెర్మినల్ 1 నుంచి 28 నిమిషాల్లో, టెర్మినల్ 2 నుంచి 33 నిమిషాల్లో ఊళ్లోని పెద్ద స్టేషన్ కేఎల్ సెంట్రల్ చేరుస్తుంది. ఒకవైపు 55 రింగిట్లు (మలేషియా డబ్బు), మన లెక్కన గట్టి ధరే. బస్సు చాలా చవక, కానీ గంటకు పైనే పడుతుంది, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే చెప్పలేం. పోయేటప్పుడు బస్సెక్కినా, వచ్చేటప్పుడు మాత్రం రైలే. కార్డులో విదేశీ వాడకం ఇంట్లోనే ఆన్ చేసుకోండి.

కేఎల్ సెంట్రల్‌లోనే కమ్యూటర్ (లోకల్) రైలు మారి, గుహలో మురుగన్ గుడి ఉన్న బటూ కేవ్స్ గుట్టకు పోవాలి. ప్రయాణం అరగంట పైచిలుకే, కానీ రైళ్ల మధ్య ఎడం ఎక్కువ, ఒక రైలు తప్పితే పొద్దు అక్కడే గడుస్తుంది. అందుకే దిగగానే తర్వాతి రైలు టైం చూసి, తిరుగు టైం కూడా రాసుకోండి. ఈ రైల్లో నడిమి పెట్టె ఆడవాళ్లది. గులాబీ బోర్డులు చూడకుండా మగవాళ్లు ఎక్కి కూర్చోవడం మామూలే. ఒంటరిగా పోయే ఆడపిల్లలకు అది మంచి చోటు.

స్టేషన్ బయట ముందు ఎదురయ్యేది ఆంజనేయుడు. ఇంకాస్త నడిస్తే 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం, పక్కన 272 మెట్లు, పైన సున్నపురాతి గుహలో గుడి. చెర్వుగట్టు మెట్లెక్కిన కాళ్లకు లెక్కేం కాదు గానీ ఇక్కడ ఉక్క వేరు. పొద్దున్నే పోతే ఎండా, మధ్యాహ్నపు వానా రెండూ తప్పుతాయి. వాన పడితే మెట్లు జారుతాయి. మోకాళ్లు కప్పే బట్టలే వేసుకోండి. చేతిలో కవరుంటే కోతులు గుంజుకుంటాయి, ప్రసాదమైనా సరే బ్యాగులో పెట్టండి. మురుగన్ పండుగ తైపూసం నాడు మాత్రం ఈ ప్లాన్ వద్దు, లక్షల జనం.

తిండికి కేఎల్ సెంట్రల్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్‌కు నడిచి పోండి. అరిటాకులో అన్నం, సాంబారు, అప్పడం, చేపల పులుసు అన్నీ దొరుకుతాయి. శాకాహారులు నాసీ లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం దగ్గర జాగ్రత్త: పైన చల్లేవి చిన్న ఎండుచేపలు, సంబల్ అనే మిరప పచ్చడిలో తరచు రొయ్యల ముద్ద ఉంటుంది. 'మాంసం లేదు' అన్న మాట నమ్మి తింటే ఇక్కడే దెబ్బతింటారు.

పెట్రోనాస్ జంట టవర్లు పన్నెండు గంటలుంటేనే పెట్టుకోండి. కేఎల్ సెంట్రల్ నుంచి ఎల్‌ఆర్‌టీ అనే మెట్రో లాంటి రైల్లో ఐదో స్టేషన్, కేఎల్‌సీసీ. పైకెక్కే టికెట్ టైం ప్రకారం ఇస్తారు, సోమవారం సెలవు. 452 మీటర్ల ఆ టవర్లను కింద పార్కులో నిలబడి చూస్తేనే బాగుంటుంది, పైసా ఖర్చు లేదు.

తిరుగు రైలెక్కేముందు బోర్డింగ్ పాస్‌లో టెర్మినల్ నెంబర్ చూసుకోండి. వచ్చింది ఒకదానికి, పోయేది ఇంకోదాని నుంచి కావచ్చు. చేతి సంచిలో ఆవకాయ డబ్బా ఉంటే మళ్లీ సెక్యూరిటీలో నూనె పేరు చెప్పి తీసేస్తారు, దాన్ని శంషాబాద్‌లోనే పెట్టెలో పడేయండి.