మత్సువొయామా మీద మా బావమరిది

మా ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాలన్నిటికీ అయస్కాంతం పెట్టి చూశాను. సగానికి అంటుకోలేదు. అంటుకున్నవాటిలో జంతికలు, కారప్పూస ఉన్నాయి. వాటి జోలికి వెళ్తే ఊరుకునేది లేదని మా ఆవిడ ముందే చెప్పింది. చివరికి అటక మీద దొరికిన పాత బిస్కెట్ల రేకు డబ్బా పనికొచ్చింది. అందులో పదిహేను బేసులు సర్దాను. బేసు అంటే మూడు సెంటీమీటర్ల చదరపు ముక్క. అడుగున అయస్కాంతపు పొర, పైన ఆరు మిల్లీమీటర్ల ఎత్తున్న ఇరవై మంది లోహపు సైనికులు. డబ్బా తలకిందులైనా ఒక్కడూ పడిపోడు.

విమానాశ్రయంలో తనిఖీ చేసే ఉద్యోగికి తెర మీద ఏమి కనిపించిందో గానీ మూత తీయమన్నాడు. తీశాను. వంగి చాలాసేపు చూశాడు.

“ఎవరు సార్ వీళ్లు?”

మధ్యాహ్నం దాకా కొండ మీద కూర్చుని ఆలోచించి, ఆఖరికి సొంత పక్షం మీదే విరుచుకుపడిన సేన అని చెప్పాలనిపించింది. వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటున్నారు. బొమ్మలన్నాను.

ఈ ప్రయాణానికి కారణం మా బావమరిది. జపాన్‌లో నగోయాకు పశ్చిమంగా ఉన్న ఒగాకిలో విడిభాగాల కర్మాగారంలో పనిచేస్తాడు. అక్కడ సాయంత్రాలు విదేశీయులకు ఉచితంగా భాష నేర్పే విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు ఒకాయన ఉన్నారు. అందరూ ఆయనను సెన్సెయి అంటారు, మనం మాస్టారూ అన్నట్టు. బల్ల మీద బొమ్మలతో యుద్ధాలాడే పిచ్చి ఆయనకు ఉంది. నాకూ ఉందని బావమరిది ఎప్పుడో నోరు జారాడు. 1600లో జపాన్‌లో జరిగిన సెకిగహారా యుద్ధానికి మాస్టారు కొత్త నియమాలు రాశారు, పన్నెండు పేజీల ముసాయిదా. ఆడి చూడటానికి మనుషులు కావాలి, బొమ్మలూ కావాలి. రంగులు వేసే పని నలుగురూ పంచుకున్నారు. ఆ యుద్ధంలో పక్షం మార్చిన కొబయాకావా హిదెయాకి సేనను మాత్రం ఎవరూ తీసుకోలేదట. అది హైదరాబాదు దాకా వచ్చి నా నెత్తిన పడింది.

ఆ సేన గుర్తు ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు కొడవళ్లు. హిదెయాకిదని చెప్పే ఎర్రటి ఉన్ని అంగీ ఒకటి టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. వీపు మీద అవే కొడవళ్లు. ఫొటో పంపితే బావమరిది ఫోనులో నవ్వాడు. “ఎర్రగుడ్డ, కొడవళ్లు. బావా, ఈయన మన పార్టీయేనా?” ఐదు మిల్లీమీటర్ల జెండా మీద ఆ కొడవళ్లు గీయడానికి నాకు రెండు నెలల ఆదివారాలు పట్టాయి. మొదటి పది జెండాల మీద కొడవళ్లకు బదులు కత్తెరలు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

నవంబరు చివరి శనివారం పొద్దున్నే ఒగాకిలో రైలెక్కాం. మధ్యలో ఒక్క స్టేషను, తరుయి. అది దాటగానే రెండు వైపులా కొండలు దగ్గరికి జరిగాయి, కిటికీ బయట పొగమంచు. సెకి అంటే కాపలా ద్వారం, హర అంటే మైదానం. తూర్పు జపాన్‌కూ పడమటి జపాన్‌కూ మధ్య దారి ఇక్కడ సన్నబడుతుంది. పాతకాలంలో ఇక్కడ ద్వారం పెట్టి వచ్చేపోయేవాళ్లను ఆపేవారు. 1600 అక్టోబరు 21న రెండు సేనలు ఇక్కడే ఎదురుపడటం వింతేమీ కాదు. వేరే చోటు లేదు.

కథ తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. దేశాన్ని ఒక్క తాటి మీదికి తెచ్చిన హిదెయోషి 1598లో చనిపోయాడు, కొడుకు పసివాడు. ఆ పిల్లవాడి పేరు చెప్పి పశ్చిమ సేనను కూడగట్టినవాడు ఇషిదా మిత్సునారి. తూర్పు సేన నాయకుడు తొకుగావా ఇయెయాసు. ఒక్కో పక్షాన దాదాపు డెబ్బై, ఎనభై వేల మంది అని సంప్రదాయపు లెక్క. ఉదయం ఎనిమిదింటికి మంచు విడుతుండగా మొదలైన పోరు మధ్యాహ్నం రెండు గంటలకల్లా ముగిసింది. గెలిచిన ఇయెయాసు 1603లో షోగన్, అంటే దేశాన్నేలే సేనాని, అయ్యాడు. ఆయన వంశం రెండున్నర శతాబ్దాలకు పైగా ఏలింది. గెలుపును తేల్చినవాడు మాత్రం ఇయెయాసు కాదు, పశ్చిమ సేన వైపు వచ్చి, దక్షిణాన మత్సువొయామా కొండ మీద కూర్చుని, చివరికి తూర్పు వైపు తిరిగిన హిదెయాకి. వయసు పద్దెనిమిదేళ్లు.

మాస్టారు స్టేషను బయట నిలబడి ఉన్నారు. డెబ్బై దాటినా నడకలో మమ్మల్ని మించిపోయారు. 2020లో తెరిచిన యుద్ధ స్మారక మ్యూజియంలో ఐదో అంతస్తు అద్దాల గది నుంచి మైదానమంతా చూపించారు, మిగతా గదుల్లో ఎక్కువసేపు ఆగనివ్వలేదు. “బల్ల ఎలా ఉంటుందో ముందు కాళ్లకు తెలియాలి” అన్నారు. ఉత్తరాన ససావొయామాకు నడిచాం. ఇషిదా విడిది అక్కడే. కొండ అనడం మర్యాదకే, పెద్ద దిబ్బ. ముందు వెదురు దడి, చెట్టుకొమ్మల కంచె మళ్లీ కట్టి పెట్టారు. కోత అయిపోయిన వరిమళ్లలో మోళ్లు, ఇళ్ల పెరళ్లలో ఆకులు రాలిపోయి కాయలతో మాత్రమే మిగిలిన పెర్సిమన్ చెట్లు. ఆ పండు గురించి ఒక కథ చెబుతారు. ఓడి, పట్టుబడి, క్యోటోలో మరణశిక్షకు నడుస్తున్న ఇషిదాకు దారిలో ఎవరో ఎండు పెర్సిమన్ ఇవ్వబోతే, కఫం చేస్తుందని వద్దన్నాడట.

ససావొయామా మీద నిలబడితే మత్సువొయామా ఎదురుగా నీలంగా కనిపిస్తుంది. మధ్య సుమారు రెండున్నర కిలోమీటర్లు. కొండ కనిపిస్తుంది, మనిషి కనిపించడు. ఇషిదా పొద్దంతా చూస్తూ కూర్చున్నది ఆ నీలపు గీతనే.

మధ్యాహ్నం ఆ కొండే ఎక్కాం. ఎత్తు 293 మీటర్లు, దారి మెత్తగా, దేవదారు ఆకుల మీద జారుతూ. పైన పాత కోట మట్టికట్టలు ఇంకా ఉన్నాయి. కింద ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీల హోరు తప్ప మరే చప్పుడూ లేదు. మైదానం మొత్తం అరచేతిలో పెట్టినట్టుంది. ఎవరు గెలుస్తున్నారో ఎవరు వెనక్కి తగ్గుతున్నారో ఇంత బాగా కనిపించే చోటు ఇంకొకటి లేదు. కిందివాళ్లకు పైన ఏముందో తెలియదు, పైనున్నవాడికి అన్నీ తెలుసు. బావమరిది ఒక దుంగ మీద కూర్చుని బూట్లు విప్పి, “రేపు నేను ఈయనేనా? ఇంత ఎక్కినందుకైనా కిందికి దిగబుద్ధి కాదు” అన్నాడు. మాస్టారు నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు.

ఆదివారం ఆయన ఇంట్లో ఆట. గడ్డిచాపలు పరిచిన తాతామి గదిలో రెండు పొట్టి బల్లల మీద ఒక ప్లైవుడ్ పలక. మూడు షకు వెడల్పు, ఆరు షకు పొడవు. ఇక్కడి వడ్రంగులు దీన్ని సబురోకు అంటారు, అంటే మూడు-ఆరు. షకుకు పది సున్‌లు, సున్ అంటే మూడు సెంటీమీటర్ల చిల్లర. మాస్టారి లెక్కలో ఒక సున్ వంద మీటర్లు. అంటే మూడు కిలోమీటర్లు, ఆరు కిలోమీటర్లు: సెకిగహారా సరిగ్గా పలక మీద పడుతుంది. కొలవడానికి టేపు కాదు, పాత వెదురు కొలబద్ద. బేసుకు వెయ్యి మంది. ఒక వంతు అరగంట, మొత్తం పన్నెండు వంతులు. అట్టలు పొరలు పొరలుగా కోసి కొండలు అతికించారు. మొదటి రెండు వంతులూ పలక మీద దూది పరిచి ఉంటుంది, అదే పొగమంచు. దూది కింద ఎదుటివాడి బేసు ఏదో మనకు తెలియదు. ఇంత చవకైన, ఇంత చక్కటి ఏర్పాటు నేను ఎక్కడా చూడలేదు.

తుపాకీ ఎంత దూరం పేలుతుందని అడిగాను. “ఒక సున్.” నాకు నీరసం వచ్చింది. ఇంట్లో పెద్ద బొమ్మలతో ఆడేటప్పుడు బల్ల ఈ చివర నుంచి సగం దాకా కాల్చడం అలవాటు. కానీ నిజం అదే. ఆనాటి వత్తి తుపాకీతో వంద మీటర్లు దాటితే గురి అదృష్టమే. అప్పుడు మాస్టారు వెదురు బద్దను ఇయెయాసు చివరి విడిది నుంచి మత్సువొయామా దాకా పెట్టి చూపించారు. ఇరవై సున్‌లకు పైనే. హిదెయాకి ఎటూ తేల్చకపోతే విసుగెత్తిన ఇయెయాసు అతని కొండ మీదికి తుపాకులు పేల్చించాడనీ, ఆ భయంతో కుర్రాడు పక్షం మార్చాడనీ ఒక ప్రసిద్ధ కథ ఉంది. ఆ కాలపు పత్రాల్లో అది లేదని చరిత్రకారులు అంటారు. మనుషుల్ని కొండకు కొంత దగ్గరగా పంపినా తూటా చేరదు. ఆ యుద్ధపు హోరులో చప్పుడు మాత్రం విడిగా వినిపిస్తుందా? “చరిత్రలో నేను నమ్మను. బల్ల మీద వదులుకోను” అన్నారు మాస్టారు.

అసలు చిక్కు ద్రోహం దగ్గర ఉంది. సెకిగహారా ఆడేవాళ్లందరికీ హిదెయాకి ఏం చేస్తాడో తెలుసు. తెలిసినప్పుడు ఇషిదా ఆటగాడు మొదటి వంతులోనే సేనను అటు తిప్పి నిలబెడతాడు, ఆట చచ్చిపోతుంది. పాచిక వేసి ఆరు పడితే ద్రోహం అంటే అది వాతావరణ సూచనలా ఉంటుంది. మాస్టారి ఉపాయం గుడ్డసంచి. అందులో గో ఆట రాళ్లు, మూడు నల్లవి, మూడు తెల్లవి. ఇషిదా పొగ సంకేతం ఇచ్చినా, ఇయెయాసు తుపాకులు పేల్చినా రెండు రాళ్లు తీస్తారు. రెండూ నల్లవైతే హిదెయాకి పశ్చిమానికి దిగుతాడు. రెండూ తెల్లవైతే తిరగబడతాడు. ఒకటీ ఒకటీ అయితే కదలడు, రాళ్లు సంచిలోకి వెళ్తాయి. మొదట్లో ఐదింట మూడు వంతులు కదలకపోవడమే. పశ్చిమ సేనలో ఒక దళం విరిగితే సంచిలో తెల్లరాయి ఒకటి పెరుగుతుంది, తూర్పున విరిగితే నల్లరాయి. అతను తిరగబడితే కొండ కింద ఉన్న నలుగురు చిన్న ప్రభువులకు పాచిక వేస్తారు. మూడు, ఆపైన పడితే వాళ్లూ తిరుగుతారు. నిజంగానూ ఆ నలుగురూ తిరిగారు. హిదెయాకిని ముందే అనుమానించి అతని కొండకు ఎదురుగా నిలిచిన పశ్చిమ సేన నాయకుడు ఒతానీ యోషిత్సుగు, కుష్ఠుతో చూపు దాదాపు పోయినవాడు, అక్కడే ప్రాణం తీసుకున్నాడు.

“మీ చదరంగంలో చచ్చిన బంటు చచ్చినట్టే కదా” అన్నారు మాస్టారు సంచి కుదుపుతూ. “మా షోగీలో పట్టుబడిన బంటు మర్నిమిషం అవతలివాడి తరఫున దిగుతుంది. మాకు ఇది చిన్నప్పటి నుంచి అలవాటు.”

నేను ఇషిదా. మాస్టారు ఇయెయాసు. ఆయన పాత విద్యార్థి ఒకరు తూర్పు సేన ముందు వరుస. బావమరిది హిదెయాకి. నాలుగో వంతులో పొగ వేశాను: ఒకటీ ఒకటీ. ఆరో వంతులో మళ్లీ వేశాను: ఒకటీ ఒకటీ. తర్వాత అడగడానికి భయం వేసింది. అడగకపోతే సాయం రాదు, అడిగితే ఏమి వస్తుందో తెలియదు. చెయ్యి పొగ కోసం పెట్టిన దూదిపింజ దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. ఎనిమిదో వంతులో మాస్టారే తుపాకులు పేల్చారు. రెండు నల్లరాళ్లు. పదిహేను కొడవళ్ల బేసులు కొండ దిగి తూర్పు సేన పక్కలో పడ్డాయి. పదో వంతుకల్లా జపాన్ చరిత్ర మారిపోయింది. మాస్టారు కాసేపు పలక వంక చూసి, గట్టిగా నవ్వి, టీ పోశారు.

తప్పు ఎక్కడుందో బావమరిది చెప్పాడు. ఏడు వంతుల సేపు అతనికి పనేమీ లేదు. మధ్యలో డబ్బా విప్పి భోజనం కూడా చేశాడు. అది చూసి పాత విద్యార్థి పడీపడీ నవ్వాడు. పలక తూర్పు అంచున నాన్‌గూ కొండ ఉంది. నిజం యుద్ధంలో అక్కడున్న పశ్చిమ పక్షపు మోరి సేనకు దారి అడ్డంగా కిక్కావా హిరోఇయె నిలబడిపోయాడు, ఇయెయాసుతో లోపాయికారీ ఒప్పందం ఉంది కనుక. ఎందుకు కదలరని పక్క శిబిరాలవాళ్లు కబురు పెడితే, ఆ సేనను నడుపుతున్న మోరి హిదెమొతో ఏం చెప్పాలో తెలియక, సైనికులు భోజనం చేస్తున్నారన్నాడట. ఆ ఖాళీ భోజనపు డబ్బా ఇప్పటికీ ఇక్కడ సామెత లాంటిది.

“నన్ను ప్రతి వంతులో సంచిలో ఒక రాయి వేయనివ్వండి” అన్నాడు బావమరిది. “ఏ రంగో ఎవరికీ చూపించను. నిన్న కొండెక్కినది నేను, సంచి కాదు కదా.”

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడో నియమం మీద ఎర్రగీత గీశారు.

రెండో ఆట సాయంత్రం నాలుగింటికి మొదలైంది. బొమ్మలు అవే, కొండలు అవే. నేను మాత్రం పలక వంక చూడటం మానేశాను. ప్రతి వంతులో బావమరిది పిడికిలి సంచిలోకి వెళ్లి ఖాళీగా వచ్చేది. అతని మొహం చదవడానికి ప్రయత్నించాను. పదహారేళ్లుగా తెలిసిన మొహం. పెళ్లిలో నా చెప్పులు దాచిన మొహం. “ఏమయ్యా, మీ అక్క అన్నం పెట్టిన చెయ్యి గుర్తుంచుకో” అన్నాను. “గుర్తుంది బావా” అన్నాడు వినయంగా. ఆ వినయమే నాకు నచ్చలేదు. ఒతానీ బేసులు రెండు వెనక్కి లాగి కొండ వైపు తిప్పాను, దాంతో ముందు వరుస పలచబడింది. ఏడో వంతులో ఒక దళం విరిగింది. ఇక ఆగలేక పొగ వేశాను.

రెండూ తెల్లవి.

నేను కష్టపడి గీసిన కొడవళ్లన్నీ నా మీదికే వచ్చాయి. నలుగురు చిన్న ప్రభువుల్లో ముగ్గురు తిరిగారు. మాస్టారు గడియారం చూసి, పన్నెండు వంతులు కూడా పట్టలేదని పుస్తకంలో రాసుకున్నారు. బేసులను ఆయన దగ్గరే వదిలేశాను. రేకు డబ్బా ఖాళీగా పంపడం ఇష్టం లేక అందులో ఎండు పెర్సిమన్లు పేర్చి ఇచ్చారు.

సంచిలో ఎన్ని తెల్లరాళ్లు వేశావని తిరుగు రైల్లో అడిగాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఒగాకిలో దిగాక అడిగాను, విమానం ఎక్కేముందు అడిగాను. హైదరాబాదు వచ్చాక వారానికోసారి ఫోను చేసి అడుగుతున్నాను.

“భోజనం చేస్తున్నాను బావా” అంటాడు.