షట్టర్ వెనుక నాలుగు గంటలు

2019 ఏప్రిల్ 25, గురువారం. ఆక్లాండ్‌లో నేను పార్ట్‌టైమ్ చేసే ఇండియన్ షాపు షట్టర్ దించి ఉంది. లోపల లైట్లు వేసుకుని నేనూ, ఇంకో తెలుగు కుర్రాడూ సోనా మసూరి బస్తాలు సర్దుతున్నాం. ఈస్టర్ సెలవులు, కాలేజీ లేదు. "చెల్లెమ్మా, గురువారం పొద్దున తొమ్మిదికి వచ్చేయ్, కొత్త సరుకు దిగింది" అని ఓనరన్న ఫోన్ చేస్తే వెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంటకు షట్టర్ ఎత్తారు. సాయంత్రం ఐదు దాకా బిల్లింగ్‌లో నిలబడ్డాను.

ఆ వారం జీతంలో నాలుగు గంటలే ఉన్నాయి. అడిగితే, "పొద్దున షాపు మూసే ఉంది కదమ్మా, వ్యాపారం ఎక్కడ జరిగింది?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. ఆయన భార్య, మా వదిన, ఆ రోజు మా ఇద్దరికీ పప్పుచారు, ఆవకాయతో భోజనం కూడా పెట్టింది. ఇంకేం అడుగుతాను?

ఆ రోజు యాంజాక్ డే, యుద్ధాల్లో చనిపోయిన సైనికుల్ని ఇక్కడ తలుచుకునే రోజు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో అదే తేదీన న్యూజిలాండ్, ఆస్ట్రేలియా సైనికులు టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగారు. ఎనిమిది నెలల ఆ పోరులో న్యూజిలాండ్ వాళ్లు 2,700 మందికి పైగా చనిపోయారు. అప్పటికి దేశ జనాభా పదకొండు లక్షల చిల్లర. ఏ చిన్న ఊరికి వెళ్లినా నడిబొడ్డున పేర్లు చెక్కిన స్మారక స్తంభం ఎందుకుంటుందో ఆ లెక్క చూస్తే అర్థమవుతుంది. అక్కడ మన సిక్కులూ, గూర్ఖాలూ, కంచర గాడిదలతో సరుకు మోసిన భారతీయులూ పోరాడారని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

1920 నుంచి ఇది చట్టప్రకారం సెలవు. మొదట్లో రోజంతా ఆదివారంలా పాటించేవాళ్లు. 1966 చట్టం మధ్యాహ్నాన్ని ఆటలకూ వినోదాలకూ వదిలింది. షాపుల సంగతి 1990 నాటి షాపు వేళల చట్టంలో ఉంది. క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ఆదివారం పూర్తిగా, యాంజాక్ డే నాడు ఒంటిగంట దాకా చాలా షాపులు తెరవకూడదు. తెరిస్తే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. పెట్రోల్ బంకులు, కెఫేలు, నిత్యావసరాలు మాత్రమే అమ్మే చిన్న కొట్లు తెరవొచ్చు. ఈ కొట్లను ఇక్కడ 'డెయిరీ' అంటారు. మా షాపులో బియ్యంతో పాటు స్టీలు గిన్నెలు, చీరలు, పూజా సామాను కూడా ఉండేవి. అది డెయిరీ కిందికి రాదు.

నాకు చాలా ఆలస్యంగా అర్థమైన విషయం ఒకటుంది. ఆ చట్టం ఆపేది అమ్మకాన్ని. షట్టర్ వెనుక బస్తాలు మోసినవాళ్ల పనిని లెక్కగట్టేది వేరే చట్టం, 2003 నాటి సెలవుల చట్టం. పబ్లిక్ హాలిడే నాడు ఎన్ని గంటలు పనిచేస్తే అన్ని గంటలకూ కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా అన్న ప్రశ్నే లేదు.

మా నాన్న తెనాలిలో బట్టల కొట్టులో గుమస్తా. ఆగస్టు 15న పొద్దున జెండా వందనం, పిల్లలకు బిళ్లలు, తర్వాత కొట్టు తెరిచేవాళ్లు. ఆ రోజు కూలి మాట నాన్న షావుకారుని అడగడం నేనెప్పుడూ చూడలేదు. అడిగితే పని పోతుందన్న భయం కన్నా, అడిగితే బాగోదన్న మొహమాటమే ఆయనకు ఎక్కువ. ఆ మొహమాటం నాక్కూడా వచ్చింది. పైగా ఇక్కడ షావుకారు 'అన్న' అయ్యాడు.

2021లో యాంజాక్ డే ఆదివారం వచ్చింది. అప్పటికి నాది పోస్ట్ స్టడీ వర్క్ వీసా. శనివారం, ఆదివారం తొమ్మిది నుంచి ఐదు దాకా షాపులో నా డ్యూటీ. ఏడాదిగా అదే రోస్టర్. శని, ఆదివారాల్లో పడ్డ యాంజాక్ డేని సోమవారానికి మార్చే సవరణ 2014 నుంచి అమల్లోకి వచ్చింది. దీన్ని ఇక్కడ 'మండేయైజ్' చేయడం అంటారు. అన్న దాన్ని పట్టుకున్నాడు. "ఈసారి సెలవు సోమవారం చెల్లెమ్మా. ఆదివారం మామూలు ఆదివారమే. తొమ్మిదికి వచ్చి స్టాక్ లెక్క చూడు."

సోమవారం డ్యూటీ ఆ కుర్రాడిది. మరి ఆదివారం పొద్దున షాపు మూయాల్సిందేగా? సెలవు సోమవారమైతే మూత ఆదివారం ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడు ఉపాధి మంత్రిత్వ శాఖ ఉచిత ఫోన్ లైన్‌కి చేశాను. చేతులు వణికాయి, వీసాకు ఏమైనా అవుతుందేమోనని టెన్షన్.

అవతలి ఆవిడ ఓపిగ్గా చెప్పింది. షాపుల మూత ఎప్పుడూ 25వ తేదీకే, అది సోమవారానికి మారదు. ఉద్యోగి సెలవు మాత్రం మనిషిని బట్టి మారుతుంది. ఆదివారం మామూలుగా పనిచేసేవాళ్లకు సెలవు ఆదివారమే. ఆదివారం డ్యూటీ లేనివాళ్లకు సోమవారం. రెండు రోజులూ పనిచేసేవాళ్లకు రెండు సెలవులు రావు, ఆదివారమే లెక్క. ఆదివారం ఒక్క గంట పనిచేసినా, ఆ గంటకు ఒకటిన్నర రెట్లతో పాటు తర్వాత వాడుకోవడానికి పూర్తి రోజు జీతంతో సెలవు. దాన్నే అందరూ 'డే ఇన్ లూ' అంటారు.

లెక్క కాగితం మీద రాసుకున్నాను. అప్పుడు కనీస వేతనం గంటకు 20 డాలర్లు, నాదీ అంతే. ఆదివారం గంటకు 30. ఒంటిగంట నుంచి ఐదు దాకా 120. పైన ఒక రోజు సెలవు, 160. అన్న ఇస్తానన్నది గంటకు 20 లెక్కే.

శుక్రవారం షాపు కట్టేసే వేళ వెళ్లి చెప్పాను. "అన్నా, పొద్దున నేను రాలేను, ఒంటిగంటకు వస్తాను. ఆదివారం నా మామూలు డ్యూటీ కాబట్టి సెలవు నాకు ఆ రోజే అంటున్నారు." ఎవరన్నారని అడిగాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మనలో మనకి ఈ రూల్సేంటమ్మా?" అన్నాడు చివరికి. నా దగ్గర జవాబు లేదు. వదిన మాత్రం లోపలి నుంచి, "ఒకసారి అకౌంటెంట్‌ని అడగండి" అంది. ఆ మాటకు వదినకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆదివారం చీకటి ఉండగానే లేచి, డొమైన్ పార్కులో తెల్లవారుజామున జరిగే యాంజాక్ స్మారక సభకు వెళ్లాను. మ్యూజియం ముందు వేలమంది, చప్పుడు లేదు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నా పక్కన ఒక ముసలాయన కోటుకు కుడివైపు పతకాలు పెట్టుకున్నాడు. సొంత పతకాలు ఎడమవైపు, పెద్దవాళ్లవి కుడివైపు పెట్టుకుంటారట. అవి వాళ్ల నాన్నవని చెప్పాడు. బ్యూగుల్ మోగినప్పుడు ఆయన గడ్డం వణికింది. పొద్దున షాపులు ఎందుకు మూస్తారో అప్పుడు నాకు తెలిసింది. రెండేళ్ల కిందట ఇదే రోజు పొద్దున నేను బస్తాల మధ్య ఉన్నాను. అలా ఉండకూడదనే కదా ఈ మూత!

ఆ వారం పేస్లిప్‌లో 120 వచ్చింది. డే ఇన్ లూ మాత్రం లేదు. మళ్లీ అడిగాను, రెండు వారాలకు ఎక్కించారు. అన్న కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు, తర్వాత మామూలైపోయాడు. సోమవారం పనిచేసిన కుర్రాడికి కూడా ఒకటిన్నర రెట్లు ఇచ్చాడు.

2019 నాటి గంటల మాట మాత్రం నేను ఎత్తలేదు. గురువారం నా మామూలు డ్యూటీ కాదు కాబట్టి డే ఇన్ లూ రాదు కానీ, ఎనిమిది గంటలకూ ఒకటిన్నర రెట్లు రావాల్సిందే. జీతం బాకీ అడగడానికి ఇక్కడ ఆరేళ్ల గడువు. 2025తో అది దాటిపోయింది. అడగాల్సింది.

ఆ డే ఇన్ లూని 2022 జనవరి 15కి పెట్టుకున్నాను. శనివారం, సంక్రాంతి. ఇంటి ముందు కాంక్రీటు మీద ముగ్గు వేసి ఫొటో పంపితే నాన్న ఫోన్ చేశాడు.

"పండక్కి సెలవిచ్చారా? జీతం కోస్తారేమో?"

"కొయ్యరు నాన్నా."

"అడిగావా?" అన్నాడు.