తక్కువ ధరలో సైకిల్ కంప్యూటర్ ఎంచుకున్న నా అనుభవం

సైకిల్ ట్రైనింగ్ మొదలుపెట్టిన కొత్తలో ఫోన్‌నే హ్యాండిల్‌కి బిగించుకుని తొక్కేదాన్ని. ఎండలో స్క్రీన్ కనపడేది కాదు, చెమట చేత్తో ముట్టుకుంటే పలికేది కాదు, మూడు గంటలు తొక్కేసరికి చార్జింగ్ అడుగంటేది.

అందుకని ముందు సైకిల్ కంప్యూటర్, అంటే హ్యాండిల్ మీద స్పీడ్, దూరం చూపించే చిన్న పరికరం, అన్నిటికంటే చవకది కొన్నాను. స్పోక్‌కి చిన్న అయస్కాంతం, చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి సెన్సర్, అక్కణ్ణించి కంప్యూటర్‌కి వైరు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని చక్రం చుట్టుకొలతతో గుణించి దూరం చెబుతుంది. ఫోన్ 40 కిలోమీటర్లు అన్న చోట ఇది దాదాపు 41 చూపించేది. నా టైరు 700x25, అంటే 25 మిల్లీమీటర్ల వెడల్పుది, చక్రం చుట్టుకొలత సుమారు 2105 మిల్లీమీటర్లు ఉండాలి, అందులో మాత్రం 32 మిల్లీమీటర్ల టైరుకి సరిపోయే 2155 ఉంది. వాల్వ్ నేలకి దగ్గరగా ఉన్నప్పుడు నేల మీద గీత పెట్టి, సీటు మీద కూర్చుని చక్రాన్ని సరిగ్గా ఒక చుట్టు నడిపి, టేపుతో కొలిచి ఆ అంకె ఎక్కించాక లెక్క కుదిరింది.

లెక్క కుదిరినా అసలు ఇబ్బంది తీరలేదు. ఎదురుగాలి ఉన్న రోజు స్పీడ్ పడిపోతోందని కంగారుపడి బలమంతా పెట్టి తొక్కేదాన్ని, తేలిగ్గా తొక్కాల్సిన రోజు కూడా ఒళ్లు హూనమయ్యేది. స్పీడ్‌ని గాలి, ఎత్తుపల్లాలు మార్చేస్తాయి, మన శ్రమ ఎంతో అది చెప్పదు. కొత్తగా ట్రైనింగ్ చేసేవాళ్లకి గుండె వేగం, పెడల్ తిరిగే వేగం అంటే కేడెన్స్, ఈ రెండే ముఖ్యమని నాకు అప్పుడు అర్థమైంది.

రెండోసారి కొనేటప్పుడు మ్యాపులు, కలర్ స్క్రీన్ వదిలేశాను. జీపీఎస్ ఉందా, ఆంట్ ప్లస్ (బ్లూటూత్‌లాగే వైరు లేకుండా సెన్సర్ అంకెలు పంపే పద్ధతి), బ్లూటూత్ సెన్సర్లు రెండూ తీసుకుంటుందా, తొక్కుతూ చూస్తే అంకెలు పెద్దగా కనపడతాయా, ఇంతవరకే చూశాను. చవక మోడళ్లలో కొన్ని పైకి ఒకేలా ఉన్నా అసలు సెన్సర్లనే తీసుకోవు, కాబట్టి ఈ ఒక్క వివరం దగ్గర మాత్రం తొందరపడకండి.

పెట్టె విప్పిన రోజు గుండె వేగం కొలిచే ఛాతీ బెల్టు ఎంతకీ కనెక్ట్ కాలేదు, గంటసేపు టెన్షన్. తీరా చూస్తే అంతకుముందే ఫోన్ ఆ బెల్టుని బ్లూటూత్‌తో పట్టేసుకుని కూర్చుంది. చాలా బెల్టులు బ్లూటూత్‌లో ఒకసారికి ఒకదానికే దొరుకుతాయి, ఆంట్ ప్లస్‌లో అయితే ఎన్ని పరికరాలైనా ఒకేసారి అందుకోవచ్చు. కంప్యూటర్‌కి ఆంట్ ప్లస్‌తో కలిపితే క్షణంలో అంకె వచ్చింది.

మొదటి రైడ్‌లోనే నా కేడెన్స్ నిమిషానికి 62 చుట్ల దగ్గర ఉందని కనపడింది, బరువైన గేరులో నెమ్మదిగా తొక్కుతున్నానన్నమాట, మోకాళ్లు ఎందుకు లాగుతున్నాయో అప్పటిదాకా తెలియలేదు. గేరు తగ్గించి 80 దాటించడానికి కొన్ని వారాలు పట్టింది. ఇప్పుడు స్క్రీన్ మీద మూడే అంకెలు పెట్టుకున్నాను: గుండె వేగం, కేడెన్స్, గడిచిన సమయం. స్పీడ్ ఇంటికొచ్చాక చూసుకుంటాను.