గుంటూరు ఎండలో ప్లనేరియా ప్రాజెక్ట్: నా అనుభవం

ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్ట్ అనగానే మా బ్యాచ్‌లో చాలామంది చేపల చెరువుల నీటి పరీక్షల వైపు వెళ్లారు. మా వైపు శాంపిల్స్‌కు కొదవ లేదు కదా. నేను ముక్కలు చేసినా మళ్లీ పూర్తిగా పెరిగే ప్లనేరియా అనే చిన్న నీటి పురుగును తీసుకున్నాను. బల్లపరుపు పురుగుల పాఠంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవడమే తప్ప దాన్ని కళ్లతో చూసినవాళ్లం ఎవరమూ లేము. అసలు పురుగులో 279వ వంతు ముక్క నుంచి కూడా పూర్తి పురుగు వస్తుందని మోర్గాన్ అనే శాస్త్రవేత్త 1898లో తేల్చాడన్న ఒక్క విషయం నన్ను ఇందులోకి లాగింది.

పురుగులు దొరకడం మొదటి గండం. కాలవ రాళ్ల సందుల్లో కార్జం ముక్క దారానికి కట్టి వదిలితే జలగలొచ్చాయి. చివరికి విజయవాడలో ఒక అక్వేరియం షాపులో, అలంకరణ రొయ్యల తొట్టె అద్దం మీద పాకుతూ కనిపించాయి. షాపాయనకు అవి పీడ. "రేపు మందేసి చంపేద్దామనుకుంటున్నా, ఎన్ని కావాలో పట్టుకెళ్లమ్మా" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

వాటిని బతికించడం అంతకంటే పెద్ద పని. 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే హాయిగా ఉంటాయి. గుంటూరు ఏప్రిల్‌లో ఆ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారు. థర్మాకోల్ పెట్టెలో డబ్బాలు పెట్టి, చుట్టూ ఐసు కట్టిన వాటర్ బాటిళ్లు మారుస్తూ వచ్చాను. కరెంటు పోతే ఫ్రిజ్‌లో ఐసు కరిగిపోతుందని టెన్షన్. మినరల్ వాటర్ క్యాన్ నీళ్లలో లవణాలు మరీ తక్కువ కాబట్టి పంపు నీళ్లనే క్లోరిన్ పోయేదాకా బకెట్‌లో నిలవ ఉంచి వాడాను. చికెన్ షాపు కార్జాన్ని మెత్తగా చేసి వడకట్టి పెడితే, పొట్ట మధ్యలో ఉన్న నోట్లోంచి గొట్టం బయటికి చాపి పీల్చేస్తాయి. తిన్నాక మిగిలింది వెంటనే తీసేయాలి, లేదంటే నీళ్లు కుళ్లిపోతాయి.

కోయడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక వారం పస్తు పెట్టి, ఐసు మీద తడి ఫిల్టర్ పేపర్ పరిచి, బ్లేడుతో అడ్డంగా కోస్తే సరి. రెండు మూడు రోజుల్లో గాయం దగ్గర తెల్లటి మొగ్గ కనిపిస్తుంది, దాన్నే బ్లాస్టిమా అంటారు. తర్వాత అందులో కళ్ల చుక్కలు తేలతాయి. ఫొటోలు బాగా వచ్చాయి. వాట్సాప్ స్టేటస్‌కు అదిరిపోయాయి కానీ ప్రాజెక్ట్‌కు అవి చాలవని గైడ్ మేడమ్ మొహం మీదే చెప్పారు. "తల వచ్చిందని రాశావు. ఎలా వచ్చిందో ఎక్కడ?"

అక్కడి నుంచి పేపర్లు చదవడమే పని. నేను చదివిన ఆ పరిశోధనలన్నీ ష్మిడ్టియా మెడిటెరానియా అనే ప్లనేరియా జాతి మీద జరిగినవి. ఈ పురుగుల ఒంట్లో విభజన చెందగలిగేవి నియోబ్లాస్ట్‌లనే మూలకణాలు మాత్రమే. గాయం లేకపోయినా, పాతబడిన ప్రతి కణం స్థానంలోకి వీటి సంతానమే రావాలి. అందుకే రేడియేషన్‌తో వీటిని చంపేస్తే తల కుంచించుకుపోయి, ఒళ్లు పొట్టవైపు ముడుచుకుని, పురుగు చచ్చిపోతుంది.

2005లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్‌లో స్మెడ్‌వీ-2 అనే జన్యువు నోరు మూయించారు. ఇది తయారుచేసేది పివి అనే కుటుంబానికి చెందిన ప్రోటీన్. ఆ జన్యువుకు సరిపడే రెండు పోగుల ఆర్‌ఎన్ఏ పురుగులోకి వెళ్తే చాలు, జన్యువు పని ఆగిపోతుంది. స్మెడ్‌వీ-2 ఆగినప్పుడు కూడా అచ్చం రేడియేషన్ లక్షణాలే వచ్చాయి. సరే, మూలకణాలు పోయాయి కాబోలు అనుకుంటాం. పోలేదు! అవి ఉన్నాయి, విభజన చెందుతున్నాయి, వాటి సంతానం వెళ్లాల్సిన చోటికి వెళ్తోంది కూడా. అక్కడికి చేరాక పాత కణం చేసే పనిని అందుకోలేకపోతోంది, అంతే. నాకు మొత్తం ప్రాజెక్ట్‌లో ఇదే అసలు విషయం అనిపించింది. బ్లాస్టిమా ఫొటోలు దీని ముందు బలాదూర్.

పివి ప్రోటీన్లు పట్టుకు తిరిగే చిన్న ఆర్‌ఎన్ఏలను పై-ఆర్‌ఎన్ఏలంటారు. ఈ పురుగుల్లో అవి సుమారు 32 అక్షరాల పొడవు, మైక్రో ఆర్‌ఎన్ఏలనే మరో రకం చిన్న ఆర్‌ఎన్ఏలైతే 22 చుట్టూ. డీఎన్ఏలో ఒక చోటి నుంచి మరో చోటికి గెంతే ట్రాన్స్‌పోజాన్లనే ముక్కలను అణచడం వీటి పేరున్న పని. చాలా జంతువుల్లో బీజకణాల్లో కనిపించే ఈ ఏర్పాటు ఇక్కడ ఒంట్లోని మూలకణాల్లోనే నడుస్తోంది. స్మెడ్‌వీ-2, స్మెడ్‌వీ-3 రెండూ పై-ఆర్‌ఎన్ఏలకు అవసరమని చూపిన 2008 పేపర్‌లో మొదటి పేరు దాశరథి పాలకోడేటి. ఆ ఇంటిపేరు చూసి మా ల్యాబ్‌లో చిన్న సంబరం.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ నేరుగా అక్కడికే వచ్చారు: "మూలకణాలు ఉండగా పురుగెందుకు చచ్చింది?" పైన రాసిందే చెప్పాను. "మరి స్మెడ్‌వీ-1 ఆపితే?" అన్నారు. దాన్ని ఒక్కదాన్నే ఆపితే చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదని, నియోబ్లాస్ట్‌లను గుర్తుపట్టే మార్కర్‌గా మాత్రం దాన్నే వాడతారని చెప్పాను. రికార్డు మీద సంతకం పడింది.

డబ్బాలిప్పుడు జూనియర్ల దగ్గరున్నాయి. వాళ్లు జన్యువును ఆపే ప్రయోగమే చేస్తామంటున్నారు. దానికి డీఎన్ఏ ముక్కలకు కాపీలు తీసే పీసీఆర్ మెషిన్, వాటి నుంచి ఆర్‌ఎన్ఏ తయారుచేసే టీ7 పాలిమరేజ్ ఎంజైమ్ కావాలి, అవి మా కాలేజీలో లేవు. షాపులో దొరికిన పురుగు ఏ జాతో కూడా ముందు తేల్చుకోవాలి. బెంగళూరులో మూలకణాల మీద పరిశోధన చేసే ఇన్‌స్టెమ్ సంస్థ లాంటి చోట ట్రైనింగ్‌కు అప్లై చేయమన్నాను.