జెబులన్‌లో ఒక సాయంత్రం, తెనాలిలో రెండు ఓవర్లు

నార్త్ కరోలినాలో ఇరవై రోజులున్నాను. గుళ్లు, సముద్రం, మాల్స్ అన్నీ చూశాను. వాటి గురించి ఏమీ రాయాలనిపించలేదు. జెబులన్‌లో చూసిన బేస్‌బాల్ మ్యాచ్ మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.

2025 జూలై. కేరీలో ఉండే తమ్ముడు "ఈ సీజన్ అయ్యాక జెబులన్ టీమ్ విల్సన్ అనే ఊరికి వెళ్లిపోతోంది అన్నయ్యా, ఒకసారి చూసొద్దాం" అని 64 నంబరు హైవే మీద తూర్పుకి బండి పోనిచ్చాడు. అప్పట్లో ఫైవ్ కౌంటీ స్టేడియంలో ఆడే కరోలినా మడ్‌క్యాట్స్, మేజర్ లీగ్‌లో ఆడే మిల్వాకీ బ్రూవర్స్ వాళ్లు కుర్రాళ్లని తయారుచేసుకునే సింగిల్-ఏ జట్టు. పైన ఇంకా హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అనే మెట్లు ఎక్కితేగానీ అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్ రాదు. గ్లాసుడు నిమ్మరసం ఏడు డాలర్లు. ఆరొందల రూపాయలు! ఆ కోపంతోనే సీట్లో కూర్చున్నాను.

బాల్ వేస్తున్న కుర్రాడికి పందొమ్మిదేళ్లుంటాయి, తాటిచెట్టంత పొడుగు. మన బౌలర్‌లా పరిగెత్తుకు రావడం ఉండదు. మట్టిదిబ్బ మీద నిలబడి, కాలెత్తి, 60 అడుగుల 6 అంగుళాల దూరానికి విసరాలి. మన పిచ్ 66 అడుగులు. బోర్డు మీద 98 మైళ్లు పడింది, అంటే గంటకు 158 కిలోమీటర్లు. క్యాచర్ గ్లవ్‌లో బాల్ పడ్డ చప్పుడు మా వరుస దాకా వినిపించింది.

కానీ బాల్ చెప్పిన చోటికి వెళ్లదే! మొదటి బ్యాటర్‌కి వాక్, అంటే నాలుగు బాల్స్ గురితప్పితే కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్లడం. రెండోవాడికీ వాక్. మూడోవాడికి నడుము మీద తగిలింది, వాడికీ బేస్ ఇచ్చేశారు. నాలుగోవాడికి మళ్లీ వాక్, ముందున్నవాళ్లంతా ఒక్కో బేస్ జరిగి, బ్యాట్ ఊపకుండానే అవతలివాళ్లకి పరుగు వచ్చేసింది. కోచ్ నడుచుకుంటూ వెళ్లి, భుజం మీద చెయ్యేసి, రెండు ముక్కలు చెప్పి వెనక్కి వచ్చేశాడు.

"ఇంకా తీసెయ్యరేంట్రా?" అన్నాను.

పక్క సీట్లో స్కోరు పుస్తకం రాసుకుంటున్న ముసలాయన్ని తమ్ముడు అడిగాడు. ఆయన పెన్ను పక్కన పెట్టి మరీ చెప్పాడు. ఇవాళ ఎవరు గెలిచారని మిల్వాకీలో ఎవరూ అడగరట. ఎన్ని బాల్స్ వేశాడు, చెయ్యి ఎలా ఉంది అనే అడుగుతారట. ఈ అబ్బాయి వారానికోసారే మ్యాచ్‌లో వేస్తాడు. మధ్య రోజుల్లో కెమెరాలు పెట్టి, అడుగు ఎక్కడ పడుతోంది, బాల్ చేతినుంచి ఎప్పుడు వదులుతున్నాడు చూసి, ఒక్కొక్కటే సరిచేస్తారు. స్పీడ్ తగ్గించమని మాత్రం చెప్పరు, అది నేర్పితే వచ్చేది కాదు కదా అన్నాడాయన.

జేకబ్ మిసియరోవ్‌స్కీ అనే కుర్రాడు కూడా 2022లో ఈ దిబ్బ మీదే మొదలుపెట్టాడట. 2025 జూన్ 12న మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడి, 5 ఇన్నింగ్స్‌లో (ఇక్కడ ముగ్గురు ఔటైతే ఒక ఇన్నింగ్స్) ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అందరికీ అలా కుదరదని కూడా ఆయనే చెప్పాడు. స్టీవ్ డాల్కౌస్కీ అని ఈ కుర్రాడిలాగే వేసేవాడు ఒకడుండేవాడు. 1960లో స్టాక్‌టన్ అనే ఊరి జట్టులో 262 మందిని స్ట్రైకౌట్ చేశాడు (బాల్ కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు), సరిగ్గా 262 వాక్‌లూ ఇచ్చాడు. మేజర్ లీగ్ మాత్రం ఎక్కలేకపోయాడు.

కుర్రాడు ఆ ఇన్నింగ్స్ ముగించాడు. రెండో ఇన్నింగ్స్‌కి మళ్లీ వాణ్నే పంపారు! ఈసారి ఇద్దరు బ్యాట్ ఊపి, బాల్ తగలక వెళ్లిపోయారు. మూడో ఇన్నింగ్స్ మధ్యలో బాల్స్ లెక్క అయిపోయిందని పిలిచేశారు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు లేచి నిలబడింది మా తమ్ముడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. తెనాలిలో వాడికి పదహారేళ్లు. మా వీధి జట్టుకి నేనే కెప్టెన్ని. మా ఊళ్లో అంత వేగంగా వేసేవాడు ఇంకొకడు లేడు. ఆ రోజు రెండు ఓవర్లలో తొమ్మిది వైడ్లు వేశాడు. అందరిముందూ బాల్ లాక్కున్నాను. "స్పీడ్ తగ్గించుకుని లైన్ మీద వెయ్యి, లేకపోతే జట్టులో చోటు లేదు" అన్నాను. వాడు తగ్గించుకున్నాడు. మరుసటి ఏడాదికి అందరిలాంటి బౌలర్ అయ్యాడు. ఆ తర్వాత ఎంసెట్ కోచింగ్‌కి వెళ్లి, ఆటే మానేశాడు.

తిరుగుదారిలో ఆ సంగతి ఎత్తాను. "తప్పు చేశాన్రా" అన్నాను.

వాడు రోడ్డు మీదే చూపు పెట్టి, "రెండో ఓవర్లో నాలుగో బాల్ గుర్తుందా అన్నయ్యా? మిడిల్ స్టంప్ ఎగిరి కీపర్ దాకా పోయింది" అన్నాడు.

నాకు గుర్తు లేదు. తొమ్మిది వైడ్లే గుర్తున్నాయి. వాడికి ఆ బ్యాట్స్‌మన్ చొక్కా రంగు కూడా గుర్తుంది.