మావళ్ళి రవ్వ ఇడ్లీ

హిందూపురంలో పొద్దున్నే రైలెక్కితే టిఫిన్ వేళ దాటకముందే బెంగళూరులో ఉండొచ్చు. జయనగర్‌లో ఉండే మా మేనమామ లాల్‌బాగ్ మెట్రో దగ్గర కలిశాడు. తోటలోంచి అడ్డంగా నడిచి మెయిన్ గేటు బయటికొస్తే ఎంటీఆర్ హోటలు దగ్గరే. పేరు రాయించి కూర్చోవాలి. గురువారం, పనిరోజు, అయినా జనమే జనం. మా ముందు మదనపల్లె వాళ్లు, వెనక ఎవరిదో గుంటూరు యాస.

"ఇంతసేపు కూర్చోబెడతారా మామా?" అన్నాను.

"వందేళ్ల హోటలు, అరగంట ఆగలేవా?" అన్నాడు.

1924లో ఉడిపి వైపు నుంచి వచ్చిన మయ్య అన్నదమ్ములు పెట్టింది ఇది. అప్పట్లో బ్రాహ్మిణ్ కాఫీ క్లబ్ అనేవారు. 1960లో లాల్‌బాగ్ రోడ్డుకి మారాక పేట పేరు కలిసి మావళ్ళి టిఫిన్ రూమ్స్, అదే ఎంటీఆర్, అయింది. యజ్ఞనారాయణ మయ్య 1951లో యూరప్ వెళ్లి అక్కడి హోటళ్లు చూసొచ్చి, ఇక్కడ శుభ్రత విషయంలో పట్టుబట్టారట.

మా వంతు వచ్చింది. రవ్వ ఇడ్లీ మన ఇడ్లీలా తెల్లగా నునుపుగా ఉండదు. రవ్వ పలుకులు కంటికి కనబడతాయి, మధ్యమధ్య పోపులోని ఆవాలు, పైన అంటుకుపోయిన జీడిపప్పు. పక్కన సాగు అనే బంగాళాదుంప కూర, కొత్తిమీర చట్నీ, బుల్లి గిన్నెలో నెయ్యి. నెయ్యి పోసిన మరుక్షణం ఇడ్లీ తాగేస్తుంది. సాగు నాకు కాస్త చప్పగా అనిపించింది. సీమ నాలుకకి ఆ కారం చాలదు. నెయ్యి మాత్రం ఇంకో గిన్నె అడిగాను.

ఈ ఇడ్లీ పుట్టింది బియ్యం దొరక్క. 1942లో బర్మా జపాన్ చేతికి చిక్కాక అక్కణ్ణుంచి బియ్యం ఆగిపోయింది. యుద్ధం రోజుల ఆ కరువులో బియ్యానికి బదులు గోధుమ రవ్వతో చేసి చూశామని ఎంటీఆర్ వాళ్లు చెబుతారు.

రెండో దెబ్బ ఎమర్జెన్సీ. టిఫిన్లు ఇంత ధరకే అమ్మాలని ప్రభుత్వం కట్టడి చేసింది. నాణ్యత తగ్గించడం ఇష్టంలేక, రోజువారీ నష్టాన్ని బయట బోర్డు మీద రాసి పెట్టేవారని మామ అన్నాడు. ఆఖరికి హోటలు కొన్నాళ్లు మూసేశారు. పనివాళ్లకి పని ఉండాలి కదా, పిండీ దినుసులూ పాళ్ల ప్రకారం కలిపి పొట్లాలు కట్టి అమ్మడం మొదలెట్టారు. మా ఇంట్లో అమ్మ అర్జెంటుగా చుట్టాలొస్తే చించే రవ్వ ఇడ్లీ మిక్స్ అలా వచ్చిందే.

అయితే ఆ పొట్లాల వ్యాపారం 2007లో నార్వే కంపెనీ ఓర్క్లాకి వెళ్లిపోయింది. హోటళ్లు మాత్రం మయ్యల కుటుంబం చేతిలోనే ఉన్నాయి. ఒకే పేరు, ఇద్దరు యజమానులు! ఇది తెలీక చాలామంది పొట్లం మీద కోపం హోటలు మీద చూపిస్తారు, అన్యాయం.

వెండి గ్లాసులో కాఫీ వచ్చింది. చేత్తో పట్టుకోలేనంత వేడి. ఆ కాఫీ కోసమైనా మళ్లీ వస్తాను.

"రేపు గాంధీ బజార్ విద్యార్థి భవన్‌లో దోశ తిందామా?" అన్నాను. అదీ పాతదే, 1943 నాటిది.

"శుక్రవారం వాళ్లకి సెలవు. ఎల్లుండి దాకా ఉండిపో" అన్నాడు మామ. టికెట్ మార్చుకున్నాను.