అనంతగిరి కొండల్లో నల్ల పైపు వెంట

శని, ఆదివారాల్లో అరకు బస్సులో నిలబడ్డానికి కూడా చోటుండదని మంగళవారం బయల్దేరాను. అయినా విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సీటు దొరకలేదు. కొత్తవలస, ఎస్.కోట దాటి బొడ్డవర వచ్చేదాకా నిలబడే ఉన్నాను. ఘాట్‌రోడ్డులో బస్సు దిగాక మట్టిరోడ్డు మీద ఊళ్లోకి వెళ్లడానికి ఉన్నదల్లా ఒక్క జీపు. సంత రోజు కాకపోతే జనం నిండరు కాబట్టి ఖాళీ సీట్ల డబ్బులు కూడా మనమే ఇచ్చుకోవాలి. విశాఖ నుంచి ఘాట్‌రోడ్డు దాకా అయిన ఖర్చు కంటే ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లకే ఎక్కువైంది. ఆ ఊరివాళ్లు బస్తా పసుపు కిందికి దింపాలన్నా, జ్వరం వచ్చిన పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా ఇదే ధర. 2022లో జిల్లాలు విడగొట్టాక అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది గానీ, పెద్దాస్పత్రికైనా, కాలేజీకైనా, పెద్ద బజారుకైనా వీళ్లు దిగేది విశాఖకే.

బొర్రా గుహలు, కటికి జలపాతం గురించి అందరూ రాశారు. నేను వెళ్లింది ఒక కొళాయి చూడ్డానికి.

గిరిజనుల ఇటుకల పండగ అయిపోయి, జీడిపిక్కలు ఏరే రోజులు. కొండ మీద బోర్లు కూడా గాలి కక్కే కాలం. ఆ నలభై ఇళ్ల ఊళ్లో మాత్రం పొద్దున్న, సాయంత్రం కొళాయిలు వస్తున్నాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. కొండ మీది ఊట నుంచి నల్ల పైపులో నీళ్లు వాటంతటవే దిగుతాయి. ఇలాంటి గ్రావిటీ పథకాలు మన్యంలో చాలా ఊళ్లలో కట్టారు. చాలావాటికి ఇప్పుడు సిమెంటు తొట్టెలు తప్ప నీళ్లు లేవు. ఇక్కడ ఎందుకు నిలిచిందో చూడాలంటే పైపు వెంట పైకి నడవడమొక్కటే మార్గం. వాల్వులు చూసే కుర్రాడు, మహిళా సంఘం లీడరమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు.

ముందు ఊరి నెత్తిన పదివేల లీటర్ల ట్యాంకు. అడుగున మురికినీళ్లు వదిలే వాషవుట్ పైపు, పైన దోమ దూరని జాలీ కట్టిన గాలిగొట్టం, తాళమేసిన మూత. పదిహేను రోజులకోసారి నీళ్లు వదిలేసి లోపల పీచుతో తోముతారు. ఆ తర్వాత బ్లీచింగ్. పదివేల లీటర్లకు దాదాపు 40 గ్రాముల పొడిని బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోసి, అరగంట ఆగి నీళ్లు వదలాలి. పొడిని అలాగే గుమ్మరిస్తే సున్నం కొళాయిల్లోకి దిగి వాషర్లు పాడవుతాయి. విప్పిన పొట్లం తేమకు సత్తువ పోగొట్టుకుంటుంది కాబట్టి చిన్న పొట్లాలే కొంటారు. వాసన బాగోలేదని పెద్దవాళ్లు మొదట్లో ఒప్పుకోలేదట. ట్యాంకు నీళ్లు ఒక పరీక్ష సీసాలో, పాత చెలమ నీళ్లు ఇంకో సీసాలో పోసి గూట్లో పెట్టారు. మర్నాటికి చెలమ సీసా నల్లబడింది. సీసా నల్లబడితే నీళ్లలో మలం తాలూకు సూక్ష్మజీవులు ఉండొచ్చని అర్థం. ఆ తర్వాత ఎవరూ గొడవ చెయ్యలేదు.

ట్యాంకు దాటాక ఎక్కుడు మొదలైంది. పైపు రెండడుగుల పైన లోతులో పూడ్చి ఉంది. బయటికి తేలినచోట ఎండకు పెళుసెక్కుతుంది, పశువుల కాలి కింద చితుకుతుంది, పోడు మంట తగిలితే కరిగిపోతుంది. సగం ఎత్తులో, పైన మూత తప్ప ఏమీ కనపడని చిన్న సిమెంటు పెట్టె ఉంది. ఈ పెట్టె పని తెలియకే చాలా ఊళ్లలో పైపులు పగిలాయి. పది మీటర్ల ఎత్తు నీటికి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో ఒత్తిడి పడుతుంది. వీళ్ల నల్ల పైపు ఆరు కిలోల రకం, అంటే 60 మీటర్ల దాకా తట్టుకుంటుంది. ఊటకీ ట్యాంకుకీ మధ్య 90 మీటర్ల దిగుడు ఉంది. నీళ్లు పారుతున్నంతసేపు ఏమీ కాదు. మరమ్మతుకని కింద వాల్వు కట్టేశారా, ఆ నీటి బరువంతా అడుగు పైపు మీద నిలబడుతుంది. పైపులు ఎక్కువగా రాత్రిపూట, అన్నీ కట్టేసి ఉన్నప్పుడు పగిలేది అందుకే. ఈ పెట్టెలో నీళ్లు బయట గాలిని తాకి ఒత్తిడి పోగొట్టుకుని, మళ్లీ సున్నా నుంచి దిగుతాయి. అప్పుడు ఒక్కో ముక్క మీద పడేది 45 మీటర్ల బరువే.

పైపు లావు గురించి కూడా వాదన జరిగిందట. లావు పైపు వేస్తే ఎక్కువ నీళ్లొస్తాయని కొందరన్నారు. వేసవిలో ఊట సన్నబడినప్పుడు లావు పైపు నిండదు, పైనుంచి గాలి పీలుస్తుంది. ఆ గాలి దారిలో మిట్టలెక్కిన చోట చేరి అడ్డం పడితే పైన నీళ్లున్నా కింద చుక్క రాదు. అందుకే 40 ఎంఎం పైపే వేశారు. తప్పని రెండు మిట్టల మీద గాలి వదిలే వాల్వులు, పల్లాల్లో ఇసుక వదిలే వాల్వులు పెట్టారు. కుర్రాడు ఒక మిట్ట దగ్గర ఆగి గాలి వాల్వు కొద్దిగా తిప్పాడు. బుస్సుమని గాలి పోయి, తుంపర్లు చిమ్మి, సన్నటి ధార నిలిచింది. ధారలో బుడగలు పూర్తిగా ఆగేదాకా చెయ్యి తియ్యలేదు.

గెడ్డ, అంటే కొండవాగు, దాటే చోట నల్ల పైపు కాకుండా ఇనుప జీఐ పైపు, రెండు వైపులా రాతి దిమ్మెలు. ఇక్కడే తుప్పు పట్టింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఊట దగ్గరికి చేరేసరికి చెమటతో తడిసిపోయాను. పెద్ద మేడిచెట్టు, చుట్టూ నేరేడు, వెదురు. రాళ్ల సందులోంచి నీళ్లు వచ్చేచోటికి ఎదురుగా నడుమెత్తు గోడతో చిన్న గది. ఊటవైపు గోడకు మాత్రం సిమెంటు లేదు. పెద్ద రాళ్లు, వాటి వెనక చిన్న రాళ్లు, ఆ వెనక గులకరాళ్లు పేర్చి ఉన్నాయి, నీళ్లు వడగట్టుకుని లోపలికి వస్తాయి. గదికి ఎగువన వానొచ్చినప్పటి బురదనీళ్లు పక్కకు పోయేలా కాలువ తీశారు. చుట్టూ ముళ్లకంచె, పశువు రాదు.

ఆ గదిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది, మిగులు నీళ్లు బయటికి పోయే పొర్లుపైపు. అది ఊట కన్ను కంటే కాస్త కిందికే ఉంది. ఈ నాలుగంగుళాల మీదే పథకం బతుకు ఆధారపడి ఉంటుంది. నీళ్లు ఎక్కువ నిలవాలని పొర్లుపైపును కంటి కంటే పైకి పెడితే, గదిలో నిలిచిన నీళ్లు ఊటను వెనక్కి నొక్కుతాయి. ఊట సులువైన దారి వెతుక్కుంటుంది, నాలుగు గజాల కింద ఇంకో రాతి సందులోంచి బయటపడుతుంది. పోయిన ఊటను వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. ఇవతల కొండమీది ఊళ్లో సరిగ్గా ఇదే జరిగింది. ప్రెజర్ బాగా వస్తుందని కాంట్రాక్టరు గోడ మూడడుగులు లేపాడు. ఒక వానాకాలం గడిచాక గది ఎండిపోయింది. ఆ ఊరి ఆడవాళ్లు గది కిందుగా వచ్చిన బురద ఊటలో ఇప్పటికీ గిన్నెలతో తోడుకుంటున్నారు. బిల్లు పాసైంది, ఫొటో తీశారు, మళ్లీ ఎవరూ రాలేదు. ఊట దగ్గర పుట్టి పెరిగినవాళ్లని ఒక్క మాట అడిగి ఉంటే ఆ ఊరికి ఈ గతి పట్టేది కాదు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కోపం ఆగదు.

ఇక్కడ కట్టేముందు ఊటను రెండు వేసవులు కొలిచారట, ఇప్పటికీ నెలకోసారి కొలుస్తారు. నేనున్నప్పుడు ఆ పని జరిగింది. పొర్లుపైపు కట్టేసి, నీళ్లన్నీ ఒకే గొట్టంలోంచి పది లీటర్ల బకెట్‌లో పడనిచ్చి, ఫోన్‌లో సెకన్లు చూశారు. మూడుసార్లు పట్టి సగటు వేస్తే 48 సెకన్లు. నిమిషానికి పన్నెండున్నర లీటర్లు, రోజుకు 18 వేలు. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు. ఊళ్లో నూటఎనభై మంది, అంటే పదివేల లీటర్లు చాలు. మిగతాది గెడ్డకే పోవాలని ఊరి తీర్మానం, ఎందుకంటే కింద వరి మడులున్నవాళ్లు మొదట్లో పథకాన్ని అడ్డుకున్నారు. గెడ్డ నీళ్లన్నీ పైపులో పోతే మా మళ్లేం కావాలని వాళ్లు అడగడం న్యాయమే. పొర్లు మొత్తం గెడ్డలోకే వదిలాక గొడవ సద్దుమణిగింది. కొళాయిల దగ్గర వృథా అయ్యే నీళ్లు కాలువ కట్టి పెరట్లోకి మళ్లించారు. అరటి, బొప్పాయి, వంగ, ఆనపపాదు పెరుగుతున్నాయి.

మేడిచెట్టు కింద కూర్చుని లీడరమ్మని అడిగాను, పైన అడవిలో ఎవరైనా పోడు కొడితేనో అని.

“కొట్టరు బాబూ. ఈ గట్టు మీద కత్తేత్తే తప్పు కట్టాల. మా మావే మూడేళ్ల కింద కట్టేడు.”

“ఎవరికి కట్టాడు?”

“ఊరికి. మేక.”

ఊటకు ఎగువనున్న వాలంతా అలా కాపాడతారు. కొండచీపుర్లు కోసుకోవచ్చు, అడ్డాకులు, కరక్కాయలు ఏరుకోవచ్చు, పచ్చి చెట్టు కొట్టకూడదు. వానలు మొదలైన దగ్గర్నుంచి దసరా దాకా మేకలు తోలకూడదు, మొలకలు లేచేది అప్పుడే. పాత పోడు వల్ల బోడిగా మిగిలిన చోట ఉపాధి పనుల్లో కందకాలు తవ్వారు. రెండు మీటర్ల పొడవు, అరమీటరు వెడల్పు, అరమీటరు లోతు. ఒక్కోదానిలో అయిదొందల లీటర్లు పడతాయి. పై వరసలో ఖాళీ ఉన్నచోట కింది వరసలో కందకం వచ్చేలా వేశారు, మట్టి దిగువ వైపే పోశారు. వాలుకు అడ్డంగా సమమట్టం తప్పితే నీళ్లన్నీ ఒక మూలకు పరుగెత్తి గట్టు తెంచుకుంటాయి. మట్టం చూడ్డానికి మూడు కర్రలతో నిచ్చెన కొసలాంటి చట్రం కట్టి, కొస నుంచి తాడుకి రాయి వేలాడదీస్తారు. రెండు కాళ్లూ రెండు గుర్తుల మీద పెట్టి తాడు అడ్డకర్రను తాకే చోట గీత పెట్టి, కాళ్లు తారుమారు చేసి మళ్లీ గీత పెడితే, ఆ రెండు గీతల నడుమే అసలు మట్టం. పదో తరగతి తప్పిన పిల్ల ఒకతె అది పట్టుకుని నాకు నిమిషంలో చూపించింది.

వాగులు కోసేసిన చోట రాతికట్టలు కట్టారు. వీటిలో రెండు తెగిపోయి ఉన్నాయి. కారణం చూడగానే తెలుస్తుంది. నడుమ ఎత్తుగా, పక్కలు పల్లంగా పేర్చారు. వరద పక్కల నుంచి గట్టు కోసుకుని పోయింది. కొత్తగా కట్టినవి నడుమ పల్లంగా, కొసలు గట్టు లోపలికి దిగేలా, పునాది అడుగులోతు తీసి, పెద్ద రాళ్లు దిగువ వైపు పెట్టి కట్టారు. ఎత్తు మీటరు దాటలేదు. పై కట్ట అడుగూ కింది కట్ట నడుమ అంచూ ఒకే మట్టంలో ఉంటే మధ్యలో వాగు కోయదు.

అక్కడి నుంచి చూస్తే లోయ కింద గోస్తని వైపు దిగే గెడ్డలు కనిపిస్తాయి. గోస్తని ఈ కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ తాగుతుంది. మన ఇళ్లలో ట్యాంకరుకీ, ఇరవై లీటర్ల క్యానుకీ పెట్టే డబ్బులో పిసరంత కూడా ఈ గట్టు కాపాడేవాళ్లకు చేరదు. వీళ్ల నిధి వీళ్లదే. ఇంటికి ఏడాదికి మూడొందలు, కాఫీ పంట డబ్బులు చేతికొచ్చే రోజుల్లో ఒకేసారి వసూలు. నెలనెలా అడిగితే ఎండాకాలంలో ఎవరి దగ్గరా ఉండవు. డబ్బు మహిళా సంఘం ఖాతాలో ఉంటుంది. వాల్వులు చూసే కుర్రాడికి పంటకు ఇంటికో కుంచం చోళ్లు (రాగులు).

వీళ్ల దగ్గర లేనిది ఒక్కటే, గట్టు మీద హక్కు కాగితం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఊరు సంప్రదాయంగా కాపాడుకుంటున్న అడవి మీద నిర్వహణ హక్కు అడగొచ్చు. దరఖాస్తు సి-ఫారంలో పెట్టాలి. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. అవతలి ఊరితో సరిహద్దు తేలక ఆగింది. ఇరువైపుల పెద్దలూ ఆ వారమే గట్టు చుట్టూ నడిచి రాళ్ల మీద సున్నం గుర్తులు పెడుతున్నారు. కాగితం లేనంతకాలం బయటివాడెవడైనా గొడ్డలి పట్టుకొస్తే మేక తప్పు చెల్లదు. ఆ పని తొందరగా తేలాలని నాకు గట్టిగా ఉంది.

గెడ్డ దగ్గరి జీఐ పైపు మాత్రం ఆషాఢం వానలకు ముందే మార్చాలి. రాతి దిమ్మెలో పైపు దూరే చోట తడి నిలిచి తుప్పు తినేసింది. సిమెంటులో నేరుగా బిగించకుండా చుట్టూ రబ్బరు ముక్క చుట్టి ఉంటే ఇంకొన్నేళ్లు ఉండేదని కుర్రాడన్నాడు. ఎస్.కోట నుంచి తేవాల్సిన సరుకు సంఘం పుస్తకం వెనక రాసుకున్నారు. జీఐ పైపు ఒకటి, యూనియన్లు రెండు, టెఫ్లాన్ టేపు, ట్యూబు రబ్బరు, గేటువాల్వు ఒకటి. తిరుగు జీపులో కుర్రాడు నాతోపాటే దిగాడు. అతని దగ్గర కూడా ఖాళీ సీట్ల డబ్బులు డ్రైవరు వదల్లేదు.